విద్యార్థి ముందుగా తట్టే తలుపు

చదువు ముగిశాక ఏం చేయాలన్న ప్రశ్న విద్యార్థి మనసులో మొలిచినప్పుడు అది మొట్టమొదట కెరీర్ సెంటర్‌కు, అంటే ఉద్యోగాల విషయంలో విద్యార్థులకు సాయపడే కళాశాల కార్యాలయానికి, చేరడం అరుదు. తరగతి అయిపోయి అందరూ వెళ్లిపోయాక బల్ల దగ్గర ఆగి, "మేడమ్, వచ్చే సెమిస్టర్‌లో గణాంకశాస్త్రం తీసుకోమంటారా, వద్దంటారా?" అని అడిగే విద్యార్థి చాలాసార్లు గణాంకశాస్త్రం సంగతి తెలుసుకోవడానికి రాడు. తాను దేనికి పనికొస్తానో తెలియని బెంగ ఆ ప్రశ్న రూపంలో బయటికి వస్తుంది. లైబ్రరీ కౌంటర్ దగ్గర పార్ట్‌టైమ్ పని చేసే అమ్మాయి తన పై ఉద్యోగినితోనూ, ప్రయోగశాలలో పొద్దుపోయేదాకా ఉండిపోయే కుర్రవాడు అక్కడి సహాయకుడితోనూ ఇలాంటి మాటలే అంటూ ఉంటారు. అవి వినేవాళ్లకు కెరీర్ కౌన్సెలింగ్‌లో శిక్షణ ఉండదు, వాళ్ల ఉద్యోగ బాధ్యతల జాబితాలో ఆ పని రాసి ఉండదు. అయినా భవిష్యత్తు గురించి ఆ విద్యార్థి కళాశాలలో ఒక పెద్దమనిషితో మాట్లాడిన మొదటి మాట అదే అవుతుంది. కొందరి విషయంలో చివరిదీ అదే.

చాలా ఏళ్లు పాఠాలు చెప్పి, ఆ తర్వాత కొంతకాలం ఒక కెరీర్ సెంటర్ సలహా సంఘంలో కూర్చున్న నాకు ఈ విషయంలో గట్టి అభిప్రాయం ఒకటి ఏర్పడింది. కెరీర్ సెంటర్ చేసే పనులన్నింటిలోకీ విలువైనది, ఆ మొదటి సంభాషణ జరిపే అధ్యాపకుడికీ బోధనేతర ఉద్యోగికీ అది చేసే సాయం. నేరుగా విద్యార్థికి చేసే సేవ దాని తర్వాతే వస్తుంది. పైపైన చూస్తే ఈ మాటను ఇప్పుడు చాలా సెంటర్లు ఒప్పుకున్నట్టే కనిపిస్తాయి. తమ వెబ్‌సైట్లలో "అధ్యాపకుల కోసం" అని ప్రత్యేకంగా ఒక పేజీ కూడా పెడతాయి. ఆ పేజీ తెరిచి చూస్తే మాత్రం అక్కడ ఉండేవి ఎక్కువగా అభ్యర్థనలు. మీ విద్యార్థులను మా దగ్గరికి పంపండి, మా ఉద్యోగమేళా గురించి తరగతిలో ప్రకటించండి, మా వర్క్‌షాప్‌కు హాజరైనవారికి అదనపు మార్కులు వేయండి అని ఉంటుంది. సెంటరు పనికి అధ్యాపకుడు తోడుపడాలన్నది అక్కడి భావం. ఎవరి పనికి ఎవరు తోడుపడాలన్న ఈ క్రమాన్ని తిరగేయాలన్నదే నా వాదన.

ముందు లెక్క చూద్దాం. 10,000 మంది విద్యార్థులున్న కళాశాలలో అయిదుగురు కెరీర్ కౌన్సెలర్లు ఉన్నారనుకుంటే ఒక్కొక్కరి వాటాకు 2,000 మంది వస్తారు. ప్రతి విద్యార్థితో ఏడాదికి ఒక్కసారి, అదీ అరగంట మాత్రమే మాట్లాడాలన్నా ఒక్కో కౌన్సెలర్‌కు 1,000 గంటలు పడుతుంది. వారానికి 40 గంటల చొప్పున, మరే పనీ పెట్టుకోకుండా, 25 వారాలు. ఉద్యోగమేళాలు, కంపెనీలతో ఉత్తరప్రత్యుత్తరాలు, నివేదికలు, సమావేశాలు అన్నీ పక్కన పెట్టినా విద్యాసంవత్సరంలో తరగతులు నడిచే కాలంలో చాలా భాగం దానికే సరిపోతుంది. అంత చేసినా విద్యార్థికి దక్కేది ఏడాదికి అరగంట. అదే విద్యార్థి వారానికి పది పదిహేను గంటలు అధ్యాపకుల ఎదుట కూర్చుంటాడు. కౌన్సెలర్ల సంఖ్యను రెండింతలు చేసినా ఈ తేడాలో చెప్పుకోదగ్గ మార్పు రాదు.

లెక్క కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంకొకటి ఉంది: సెంటరుకు తమంతట తాము ఎవరు వస్తున్నారన్నది. అమెరికాలో స్ట్రాడా, గ్యాలప్ సంస్థలు కలిసి 2017లో జరిపిన విద్యార్థుల సర్వేలో దాదాపు పదిమందిలో నలుగురు కెరీర్ సెంటర్‌కు ఎన్నడూ వెళ్లలేదనీ, దాని ఆన్‌లైన్ వనరులను కూడా వాడుకోలేదనీ తేలింది. చివరి ఏడాది విద్యార్థుల్లో సైతం మూడోవంతు కంటే ఎక్కువమంది ఆ కోవలోనే ఉన్నారు. వెళ్లనివాళ్లంతా బద్ధకస్థులని అనుకోవడం తేలిక. కానీ ఇంట్లో ఆఫీసు ఉద్యోగాలు చేసిన పెద్దలున్న విద్యార్థికి ఇంటర్న్‌షిప్ అంటే ఏమిటో, దానికి ఎప్పుడు దరఖాస్తు పెట్టాలో భోజనాల దగ్గర మాటల్లోనే తెలిసిపోతుంది, కనుక ఏ ప్రశ్న పట్టుకుని సెంటరుకు వెళ్లాలో కూడా అతనికి తెలుసు. కుటుంబంలో మొదటిసారి కళాశాల గడప తొక్కిన విద్యార్థికి ఆ ప్రశ్నే తట్టదు. అతని దృష్టిలో కెరీర్ సెంటర్ అంటే ఏం కావాలో ఇప్పటికే తేల్చుకున్నవాళ్లు వెళ్లే చోటు. వచ్చినవాళ్లకు మాత్రమే సేవ చేసే సెంటరు, తనకు తెలియకుండానే, ముందే దారి తెలిసినవాళ్లను ఇంకాస్త ముందుకు నడిపిస్తోంది. ఎవరి ఇంటి నేపథ్యం ఎలాంటిదైనా అందరూ తప్పనిసరిగా వచ్చే చోటు కళాశాలలో ఒక్కటే, అది తరగతి గది. ఈ సాయంలో సమానత్వం కావాలనుకుంటే తరగతి గదిని వదిలిపెట్టి ఆలోచించలేం.

ఈ పనిని ఒక ప్రత్యేక కార్యాలయానికి అప్పగించడం మరీ పాత అలవాటేమీ కాదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పట్టభద్రులకు ఉద్యోగాలు చూపడానికి ఒక సంఘం 1892లో ఏర్పడింది. అమెరికాలో ఫ్రాంక్ పార్సన్స్ 1908లో బోస్టన్‌లో వృత్తి సలహా కార్యాలయాన్ని ప్రారంభించాడు; మరుసటి ఏడాది, ఆయన మరణానంతరం, అచ్చయిన పుస్తకంలో చెప్పిన మూడు మెట్లు నేటికీ ఈ రంగానికి పునాదిగా ఉన్నాయి: తనను తాను ఎరగడం, పనుల స్వరూపం ఎరగడం, ఈ రెండింటికీ ఉన్న సంబంధాన్ని సరిగా తర్కించడం. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, వాళ్ల చదువు కోసం అమెరికా 1944లో చేసిన చట్టం ఇచ్చిన సాయంతో, లక్షల సంఖ్యలో కళాశాలల్లో చేరాక అక్కడ ప్లేస్‌మెంట్ కార్యాలయాలు విస్తరించాయి. అంతమందికి పాత పద్ధతిలో, ఒక ఆచార్యుడు తన మిత్రుడికి రాసే ఉత్తరంతో, ఉద్యోగం చూపడం సాధ్యం కాదు. ప్రత్యేక కార్యాలయం వల్ల ఆ పనికి పద్ధతీ, నైపుణ్యమూ, కొంత న్యాయమూ వచ్చాయి. దానితోపాటు భవిష్యత్తు గురించిన మాట తరగతి గది నుంచి వేరే భవనానికి తరలిపోయింది, "అది మా పని కాదు" అనడానికి అధ్యాపకులకు మర్యాదైన వీలు దొరికింది.

అలా అనే అధ్యాపకులందరూ నిర్లక్ష్యంతో అంటారని నేను అనుకోను. చాలామందిని ఆపేది భయం. జీవితమంతా విశ్వవిద్యాలయాల్లోనే గడిపిన మనిషికి లోపలినుంచి తెలిసిన వృత్తి ఒక్కటే, తనది. బయటి ఉద్యోగాల సంగతి అడిగితే పదిహేనేళ్ల నాటి సమాచారం చెప్పి పిల్లవాడిని తప్పుదారి పట్టిస్తానేమోనన్న జంకు సహజం. ఇక్కడే సెంటరు చేయవలసిన మొదటి సాయం ఉంది. మీరు సమాధానం చెప్పనక్కర్లేదని అధ్యాపకుడికి నచ్చజెప్పాలి. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ క్రంబోల్ట్జ్ తన సహచరులతో కలిసి 1999లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఈ సందర్భంలో చాలా పనికొస్తుంది. వృత్తి జీవితాలు చాలా మటుకు అనుకోని సంఘటనలతోనే మలుపు తిరుగుతాయి కాబట్టి, ఫలానా ఉద్యోగమని ముందే తేల్చిపెట్టడం కంటే ఆ సంఘటనలను వాడుకోగల కుతూహలం, పట్టుదల, మార్పుకు సిద్ధపడడం, ఆశాభావం, తెగింపు అలవరచడం ముఖ్యమని ఆయన అన్నాడు. కుతూహలాన్నీ పట్టుదలనూ పెంచడం అధ్యాపకుడికి రోజూ చేతనైన పనే. "ఈ కోర్సులో ఏ భాగం చేస్తున్నప్పుడు నీకు టైమ్ తెలియలేదు?" అని అడగడానికి ఉద్యోగ విపణి పరిజ్ఞానం అక్కర్లేదు. ఇలాంటి ప్రశ్నలు నాలుగైదు ఒకే కాగితం మీద రాసి ఇస్తే చాలు. గంటన్నర శిక్షణ కార్యక్రమం కంటే అదే ఎక్కువ వాడకంలో ఉంటుంది.

అధ్యాపకుడి మాటకు బరువు ఎంతో చూపే సమాచారమూ ఉంది. గ్యాలప్ సంస్థ, పర్డ్యూ విశ్వవిద్యాలయం 2014లో 30,000 మందికి పైగా పట్టభద్రులను అడిగిన సర్వేలో, చదువు మీద ఉత్సాహం రేపిన అధ్యాపకుడు ఒకరైనా ఉండడం, తనను ఒక మనిషిగా పట్టించుకున్న అధ్యాపకులు ఉండడం, తన ఆశయాల వెంట నడవమని ప్రోత్సహించిన మార్గదర్శి ఉండడం అనే మూడూ అనుభవించామని చెప్పినవాళ్లు, ఆ తర్వాత చేస్తున్న ఉద్యోగంలో మనసు పెట్టి పనిచేసే అవకాశం మిగతావాళ్ల కంటే రెండింతలకు మించి ఉన్నట్టు కనిపించింది. మూడూ దక్కినవాళ్లు 14 శాతమే. ఇది జ్ఞాపకాల మీద ఆధారపడిన సర్వే కాబట్టి దీన్ని కార్యకారణ సంబంధంగా తీసుకోవడం తొందరపాటు అవుతుంది. ఉద్యోగంలో సంతోషంగా ఉన్నవాళ్లకు గురువులు తీపిగా గుర్తుండడమూ సహజమే. అయినా 14 శాతమన్న అంకె దగ్గర నేను ఆగిపోతాను.

ఇక రెండో సాయం, విద్యార్థిని సెంటరుకు అప్పగించే పద్ధతి. "కెరీర్ సెంటర్‌కు వెళ్లి అడుగు" అన్న మాట విద్యార్థి చెవికి "నన్ను అడగకు" అన్నట్టే వినిపిస్తుంది. దానికి బదులు అధ్యాపకుడు విద్యార్థి ఎదుటే రెండు వాక్యాల మెయిల్ రాసి, అందులో కౌన్సెలర్‌నూ విద్యార్థినీ ఇద్దరినీ చేర్చి, "ఈమె నా తరగతిలో క్షేత్ర సర్వే చాలా శ్రద్ధగా చేసింది, అలాంటి పని ఉండే ఉద్యోగాల గురించి మీతో మాట్లాడాలనుకుంటోంది" అని పంపితే సంగతి మారిపోతుంది. అయితే ఆ మెయిల్ రాయాలంటే అధ్యాపకుడికి ఒక మనిషి పేరు తెలిసి ఉండాలి. సెంటరు పేరుతో ఉన్న ఉమ్మడి చిరునామాకు ఎవరూ అలాంటి ఉత్తరం రాయరు. ప్రతి విభాగానికీ సెంటరులో ఫలానావారని ఒక మనిషిని కేటాయించడం, ఆ మనిషి ఏడాదికి రెండుసార్లు విభాగ సమావేశానికి వచ్చి పది నిమిషాలు కూర్చోవడం ఖర్చు లేని ఏర్పాట్లు. ఆ పది నిమిషాల్లో తన కార్యక్రమాలు ఏకరువు పెట్టకుండా, మీ విద్యార్థులు మిమ్మల్ని ఏమడుగుతున్నారని వింటే ఇంకా మంచిది.

పంపిన తర్వాత ఏమైందో అధ్యాపకుడికి తెలియకపోవడం ఈ వ్యవస్థలో పెద్ద లోపం. విద్యార్థి వెళ్లాడో లేదో, వెళితే ఏం జరిగిందో ఎవరూ చెప్పకపోతే మూడోసారి పంపాలని ఆయనకు అనిపించదు. ఇక్కడ గోప్యత అడ్డొస్తుందని సెంటర్లు అంటాయి; అది నిజమే, సలహా గదిలో జరిగిన మాటలు బయటికి చెప్పకూడదు. కానీ "మీరు పంపిన విద్యార్థిని వచ్చారు, ధన్యవాదాలు" అని రాయడానికి ఆ విద్యార్థిని అనుమతి ఒక్కటి చాలు. మొదటి సమావేశంలోనే "మీ మేడమ్‌కు నువ్వు వచ్చావని చెప్పమంటావా?" అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

తరగతిలోకి సెంటరు ప్రవేశించే మార్గాల్లో బాగా ప్రచారంలో ఉన్నది "తరగతి రద్దు చేయకండి" అనే పద్ధతి. అధ్యాపకుడు సదస్సుకో మరో పనికో ఊరు వెళ్లవలసి వస్తే ఆ గంట సెంటరు ఉద్యోగి వచ్చి రెజ్యూమె గురించో ఇంటర్వ్యూ గురించో చెబుతాడు. అమెరికాలో చాలా కళాశాలల సెంటర్లు ఈ సేవను అందిస్తున్నాయి. ఆలోచన తెలివైనదే, అధ్యాపకుడికి నిజంగా ఒక ఇబ్బంది తీరుస్తుంది. ఆ మాటకొస్తే, నేను చెబుతున్న అర్థంలో సాయం అనదగిన కొద్ది సేవల్లో ఇదొకటి. కానీ దీనిలో ఒక చిక్కు ఉంది. అధ్యాపకుడు లేని రోజున మాత్రమే వినిపించే విషయం సిలబస్‌కు సంబంధం లేనిదని విద్యార్థులు నిర్ణయించేసుకుంటారు, సగంమంది ఆ రోజు రారు. అధ్యాపకుడు గదిలో ఉండగా, తన పాఠంతో ముడిపెట్టి, ఆయనే మార్కులు వేసే పనిగా అదే విషయం వచ్చినప్పుడు దాని స్థాయి వేరు.

నేను చూసినవాటిలో నాకు అన్నింటికంటే నచ్చిన ఏర్పాటు, పూర్వ విద్యార్థితో సంభాషణను అసైన్‌మెంట్‌గా ఇవ్వడం. సెంటరు ఆ విభాగంలో చదివి ఇప్పుడు రకరకాల పనుల్లో ఉన్న పూర్వ విద్యార్థుల్లో మాట్లాడడానికి ఒప్పుకున్నవారి జాబితా తయారుచేస్తుంది. మొదటి మెయిల్ ఎలా రాయాలో నమూనా ఇస్తుంది. ఉద్యోగం అడగకూడదని, అరగంటకు మించి సమయం తీసుకోకూడదని, తర్వాత కృతజ్ఞత తెలపాలని చెప్పే చిన్న సూచనల కాగితం ఇస్తుంది. అధ్యాపకుడు తనకు చేతనైనది చేస్తాడు: ప్రశ్న ఎంత పదునుగా ఉంది, విన్నది ఎంత నిజాయితీగా రాశాడు, కోర్సులో చదివినదానికీ ఆ పనికీ ఉన్న పోలికను ఎంత లోతుగా పట్టుకున్నాడు అన్నవి చూసి మార్కులు వేస్తాడు. ఇద్దరిలో ఎవరూ ఎదుటివారి పని నేర్చుకోనక్కర్లేదు.

ఈ అసైన్‌మెంట్‌కు సామాజికశాస్త్రంలో బలమైన ఆధారం కూడా ఉంది. అమెరికన్ సామాజికశాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో, పరిచయస్తుల ద్వారా కొత్త ఉద్యోగం సంపాదించినవారిని ఆ పరిచయస్తుడిని ఆ రోజుల్లో ఎంత తరచుగా కలిసేవారని అడిగితే, 16.7 శాతం మంది తరచుగా అనీ, 55.6 శాతం మంది అప్పుడప్పుడనీ, 27.8 శాతం మంది అరుదుగా అనీ చెప్పారు. దగ్గరివాళ్లకు తెలిసినవి సాధారణంగా మనకూ తెలిసినవే అయి ఉంటాయి. కొత్త సమాచారం దూరపు పరిచయాల నుంచే వస్తుంది. కలిగిన కుటుంబాల పిల్లలకు అలాంటి దూరపు పరిచయాలు తల్లిదండ్రుల ద్వారా వారసత్వంగా వస్తాయి. లేనివాళ్లకు వాటిని కల్పించగలిగేది తన పాత విద్యార్థులను గుర్తుపెట్టుకున్న అధ్యాపకుడు. ఆయన జ్ఞాపకంలో చెల్లాచెదురుగా ఉన్న పేర్లను పద్ధతిగా సేకరించి, అనుమతులు తీసుకుని, ఆయన తరగతికే తిరిగి అందించడం కంటే సెంటరు చేయగల మేలు నాకు తోచదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. కళాశాల ఉద్యోగులను తయారుచేసే కర్మాగారం కాదని, తత్వశాస్త్రమో గణితమో చదవడానికి జీతం రూపంలో సమర్థన అడగడం ఆ విషయాలను అవమానించడమని అధ్యాపకులు అంటారు. సగం నేనూ ఒప్పుకుంటాను. అమెరికాలో కళాశాలల, ఉద్యోగదాతల జాతీయ సంఘం ఉద్యోగానికి సన్నద్ధత అంటూ ఎనిమిది సామర్థ్యాలను నిర్వచించింది. భావవ్యక్తీకరణ, విమర్శనాత్మక ఆలోచన, బృందంగా పనిచేయడం, నాయకత్వం లాంటివి అందులో ఉన్నాయి. ఆ జాబితాలో తప్పేమీ లేదు. దాన్ని తీసుకొచ్చి ప్రతి సిలబస్ చివర అతికించమని అధ్యాపకులకు మెయిల్ పంపడంలో తప్పుంది. అలా అతికించిన పేరాను విద్యార్థి చదవడు, రాసిన అధ్యాపకుడు నమ్మడు. కానీ చరిత్రలో మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి ఇంటర్వ్యూలో "మీరేం నేర్చుకున్నారు?" అన్న ప్రశ్నకు రాజవంశాల పేర్లు చెప్పి ఊరుకున్నాడంటే, అది ఉద్యోగ సమస్య అయ్యేముందు చరిత్ర బోధనకు సంబంధించిన సమస్య. ఒకే సంఘటన గురించి పరస్పరం పొసగని మూడు ఆధారాలను పక్కపక్కన పెట్టి, ఎవరు ఎందుకు అలా రాశారో తేల్చి, తన నిర్ణయాన్ని పది పేజీల్లో సమర్థించుకోవడం అతను చేసిన అసలు పని. ఆ పని చేశానని అతనికే తెలియలేదు. దాన్ని తెలియజెప్పడం వల్ల చరిత్రకు అవమానం జరగదు. తన విషయం విలువ తన విద్యార్థి నోట స్పష్టంగా పలకాలని కోరుకోని అధ్యాపకుడు ఉంటాడని నేను అనుకోను. సెంటరు ఉద్యోగి ఆ కోర్సు అసైన్‌మెంట్లను ముందుగా చదివి, "మీరు ఇక్కడ చేయిస్తున్నదాన్ని ఉద్యోగ ప్రకటనల్లో ఈ మాటల్లో అడుగుతున్నారు" అని నాలుగు నిజమైన ప్రకటనలు చూపిస్తే సంభాషణ ఒక దారిలో పడుతుంది. చిత్తుప్రతి సెంటరు రాయాలి, దిద్దుబాటు అధ్యాపకుడిది. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు.

బోధనేతర సిబ్బంది సంగతి ఈ చర్చల్లో ఎప్పుడూ ఆఖరి వాక్యంలో వస్తుంది. విద్యార్థులకు కళాశాలలోనే పార్ట్‌టైమ్ పనులు ఇచ్చే చోట, వాళ్లను రోజూ దగ్గరగా గమనించేది ఆ పనులను పర్యవేక్షించే లైబ్రరీ, హాస్టల్, కార్యాలయ ఉద్యోగులే. ఈ విషయాన్ని గుర్తించి అయోవా విశ్వవిద్యాలయం 2009లో ఒక పద్ధతి మొదలుపెట్టింది. పర్యవేక్షించే ఉద్యోగి తన కింద పనిచేసే విద్యార్థితో సెమిస్టర్‌లో కొద్దిసేపు కూర్చుని నాలుగు ప్రశ్నలు అడుగుతాడు: ఈ పని నీ చదువుతో ఎలా పొసుగుతోంది, ఇక్కడ నేర్చుకున్నదేది చదువుకు ఉపయోగపడుతోంది, తరగతిలో నేర్చుకున్నదేది ఇక్కడ వాడగలుగుతున్నావు, ఇక్కడి నుంచి నీ వృత్తిలోకి తీసుకెళ్లదగినవి ఒకటి రెండు చెప్పగలవా. అంతే. ఫారాలు లేవు, మార్కులు లేవు, పర్యవేక్షకుడు కౌన్సెలర్‌గా మారనక్కర్లేదు. పుస్తకాలు సర్దడం చిల్లరపని అనుకుంటున్న విద్యార్థి, కోపంగా వచ్చిన పాఠకుడిని తాను ఎలా శాంతపరిచాడో ఆ ప్రశ్నలకు జవాబుగా తొలిసారి మాటల్లో పెట్టుకుంటాడు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంతమందిని చేరే ఏర్పాటు ఇంకొకటి నాకు కనబడలేదు. దీన్ని చాలా విశ్వవిద్యాలయాలు తర్వాత తీసుకుని వాడుకున్నాయి.

అధ్యాపకుడికి సెంటరు అవసరం ఎక్కువయ్యేది "లేదు" అని చెప్పవలసి వచ్చినప్పుడు. కంపెనీలో ఉన్న పాత విద్యార్థి ఫోన్ చేసి, "సార్, మీ తరగతిలో బాగా చదివే ఇద్దరి పేర్లు చెప్పండి, ఇంటర్న్‌షిప్‌కు తీసుకుంటాం" అంటాడు. ఆ మాటలో అభిమానం ఉంది, అధ్యాపకుడి గౌరవం ఉంది. కానీ ఆయనకు గుర్తుండే ఇద్దరు ముందు వరుసలో కూర్చుని చేయెత్తేవాళ్లు. సాయంత్రం పని కోసం తరగతి అయిన వెంటనే పరుగెత్తే విద్యార్థి పేరు ఆయనకు గుర్తుకురాదు. అవకాశాన్ని అందరికీ తెలిసేలా ప్రకటించి, ఆసక్తి ఉన్నవాళ్లను ప్రోత్సహించండని ఈ రంగంలోని వృత్తి సంఘాలు చెబుతాయి. "మా కళాశాల నియమం ప్రకారం అన్ని అవకాశాలూ సెంటరు ద్వారా ప్రకటిస్తాం, వివరాలు వాళ్లకు పంపు, నా విద్యార్థులందరికీ నేనే చెబుతాను" అని అనగలగడానికి అధ్యాపకుడి వెనక ఒక నియమం, ఒక మనిషి ఉండాలి.

సిఫారసు లేఖలూ, జీతం లేని ఇంటర్న్‌షిప్‌లూ ఇలాంటివే. అమెరికాలో 1974 నాటి విద్యార్థి గోప్యత చట్టం ప్రకారం లేఖలో మార్కులో గ్రేడులో ప్రస్తావించాలంటే విద్యార్థి రాతపూర్వక అనుమతి ఉండాలి; లేఖలు రాసే అధ్యాపకుల్లో ఈ సంగతి ఎరిగినవారు తక్కువని నా అనుభవం. జీతం లేని ఇంటర్న్‌షిప్‌కు అకడమిక్ క్రెడిట్ ఇస్తే చాలు, అది చట్టబద్ధమైపోతుందని చాలామంది నమ్ముతారు. లాభాపేక్షతో నడిచే సంస్థల విషయంలో ఆ దేశపు కార్మిక శాఖ 2018 నుంచి ఏడు అంశాలను కలిపి చూస్తోంది, ఇంటర్న్‌షిప్ వల్ల ప్రధానంగా లాభపడేది విద్యార్థా, సంస్థా అన్నది తేల్చడానికి. క్రెడిట్ ఆ ఏడింటిలో ఒకదానిలో భాగం మాత్రమే, ఏ ఒక్క అంశమూ దానికదే నిర్ణయాత్మకం కాదు. అధ్యాపకుడు ఇవన్నీ చదివి గుర్తుపెట్టుకోవాలనడం అన్యాయం. సంతకం పెట్టేముందు ఫోన్ చేస్తే అదే రోజు జవాబు చెప్పే మనిషి ఉంటే చాలు.

సమాచారం విషయంలో సెంటర్లు పిసినారితనం చూపిస్తాయి. చదువు పూర్తయిన ఆరు నెలల లోపు పట్టభద్రులు ఏం చేస్తున్నారో సేకరించడం, కనీసం 65 శాతం మంది విషయమైనా తెలుసుకోవాలని లక్ష్యం పెట్టుకోవడం అమెరికాలో ఇంతకుముందు చెప్పిన కళాశాలల, ఉద్యోగదాతల జాతీయ సంఘం ప్రమాణాల్లో ఉంది. ఆ సేకరణకు అధ్యాపకుల జ్ఞాపకం, వాళ్లకు వచ్చే మెయిళ్లు మంచి ఆధారాలు. సమాచారం అధ్యాపకుల నుంచి సెంటరుకు వెళుతుంది, అక్కడి నుంచి రంగురంగుల బ్రోచర్‌లో ఒకే ఒక్క శాతంగా మారి బయటికొస్తుంది. విభాగానికి కావలసింది ఆ శాతం కాదు. మా విద్యార్థులు ఏ పనుల్లో చేరారు, ఆ పనుల పేర్లేమిటి, అయిదేళ్ల తర్వాత ఎక్కడికి మారారు, వాళ్లలో మా ప్రస్తుత విద్యార్థులతో మాట్లాడడానికి ఎవరు ఒప్పుకుంటారు అన్నవి కావాలి. ఆరు నెలల నాటి చిత్రం సాహిత్యం, సామాజికశాస్త్రాలు చదివినవాళ్ల విషయంలో ఎప్పుడూ నిరుత్సాహంగానే కనిపిస్తుంది. ఆ ఒక్క అంకెను విభాగం ముందు పెట్టి వదిలేస్తే అధ్యాపకులు ఆత్మరక్షణలో పడిపోతారు, చర్చ అక్కడితో ఆగిపోతుంది.

వీటన్నింటికీ సెంటర్లు తమ పనిని కొలుచుకునే తీరు అడ్డుపడుతోందని నా అనుమానం. ఎంతమంది విద్యార్థులు తలుపు తోసుకుని లోపలికొచ్చారన్న లెక్క మీదే బడ్జెట్ ఆధారపడితే, అధ్యాపకుడి గదిలోనే తేలిపోయిన సందేహం సెంటరు ఖాతాలో సున్నాగా నమోదవుతుంది. ఎన్ని కోర్సుల్లో ఉమ్మడిగా తయారుచేసిన అసైన్‌మెంట్ నడుస్తోంది, అధ్యాపకుడి పరిచయంతో మొదటిసారి వచ్చినవాళ్లు ఎందరు, వాళ్లలో అంతకుముందు రాని వర్గాల విద్యార్థులు ఎందరు అని లెక్కపెట్టడం మొదలుపెడితే సెంటరు నడవడిక దానంతటదే మారుతుంది.

ఇక డబ్బు మాట. ఈ సంభాషణల భారం అధ్యాపకులందరి మీదా సమానంగా పడదు. విద్యార్థులు భయం లేకుండా మాట్లాడగలిగినవాళ్ల దగ్గరికి వెళతారు. వాళ్లు ఎక్కువగా వయసులో చిన్నవాళ్లు, మహిళలు, మొదటి ఏడాది పెద్ద తరగతులు నడిపే కాంట్రాక్టు అధ్యాపకులు. పదోన్నతి ఫైలులో ఈ గంటలకు స్థానం లేదు. కాంట్రాక్టు అధ్యాపకులకైతే తరగతి బయటి గంటకు జీతమే లేదు. కొన్ని కళాశాలల్లో సెంటరు ప్రతి ఏడాదీ కొందరు అధ్యాపకులను ఎంపిక చేసి, కోర్సును మార్చుకోవడానికి చిన్న మొత్తం ఇచ్చే పథకాలు నడుపుతోంది. అవి మంచివే కానీ వాటికి దరఖాస్తు చేసే అర్హత సాధారణంగా శాశ్వత ఉద్యోగులకే ఉంటుంది. ఆ మొత్తాన్ని ముందుగా కాంట్రాక్టు అధ్యాపకులకు గంటల లెక్కన ఇవ్వాలని నేను సలహా సంఘంలో అన్నప్పుడు, వాళ్లు వచ్చే ఏడాది ఉంటారో లేదో తెలియదు కదా అన్న జవాబు వచ్చింది. వాళ్లు ఉన్నా లేకపోయినా వాళ్ల మొదటి ఏడాది తరగతుల్లో కూర్చున్న విద్యార్థులు మాత్రం మరో మూడేళ్లు అక్కడే ఉంటారు. పైగా ఆ అధ్యాపకుల్లో చాలామంది పేర్లు సెంటరు మెయిలింగ్ జాబితాలో లేనే లేవని ఆ సమావేశంలోనే బయటపడింది.